పసుపు మీద బిగించిన బ్రేకు కవరు

కారు పెడల్ కవర్లు బిగించడం పది నిమిషాల పని అంటున్నారు ఇప్పుడు. ఫోన్‌లో ఎవరో చేసి చూపిస్తారు, చూసినవాళ్లు డబ్బా తెప్పించుకుని ఇంటి ముందే కూర్చుని బిగించుకుంటారు. మంచిదే. ఎవరి బండి పని వాళ్ల చేతికి వస్తే నాకు సంతోషమే. కానీ ఆ పది నిమిషాల పనిలో నేను ఒకసారి నా ఉద్యోగం పోగొట్టుకున్నాను. అంతకంటే ముందు ఒక ఆడపిల్ల చేతిలోని కారు తాళం పోగొట్టాను. ఉద్యోగం గురించి ఈ రోజుకీ చింత లేదు. తాళం గురించే ఈ రాత.

ఇందులో ఉన్నవాళ్లంతా బతికే ఉన్నారు, అంతా నాకు కావలసినవాళ్లే. అందుకని పేర్లు రాయడం లేదు.

నేను బడికి పోలేదు. మాది మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మాకు మానుకోటే. మా అబ్బా జీపులకు, లారీలకు సీట్లు కుట్టేవాడు. ఖురాన్ చదవడం అమ్మీ నేర్పింది. తెలుగు మాత్రం అబ్బా దగ్గర, పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. రెగ్జిన్ కోసే ముందు సీటు కొలతకు పేపరు కత్తిరించేవాళ్లం. ఆ ముక్క మీద ఉన్నది అబ్బా పైకి చదివేవాడు, నేను వెంట చదివేదాన్ని. అందుకే ఆ కాలం వార్తలు నాకు సగం సగమే తెలుసు. మంత్రి ఎందుకు రాజీనామా చేశాడో తెలిసేలోపే కాగితం కత్తెరలో పోయేది. అయినా చదవడం వచ్చింది, రాయడం వచ్చింది. అల్లాకు షుకర్.

పెళ్లయి జనగామ వచ్చాక ఒక కారు సామాన్ల దుకాణంలో సీటు కవర్లు కుట్టడానికి కుదిరాను. ఆ దుకాణం యజమాని నాకంటే చిన్నవాడే, అందరూ సేట్ అంటే నేనూ సేట్ అనేదాన్ని. ఆయన మేలు నేను మరిచిపోలేను. బురఖా వేసుకున్న మనిషికి పాన, అదే స్పానర్, చేతికిచ్చిన దుకాణం అప్పట్లో అదొక్కటే. రెగ్జిన్ చుట్టలు పెట్టే గదిలో ఒక మూల శుభ్రం చేయించి, "అక్కా, నీ నమాజు ఈడ చదువుకో, ఎవడన్న లోపలికొస్తే కాళ్లు ఇరగ్గొడ్త" అన్నాడు. మెల్లగా టీచర్లు, నర్సులు, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు కార్లు కొనడం మొదలుపెట్టారు. వాళ్లు డ్రైవర్ సీట్లో కూర్చుంటే వాళ్ల కాళ్ల దగ్గర మగమనిషి తల దూర్చి పనిచేయడం వాళ్లకూ ఇబ్బంది, వీళ్లకూ ఇబ్బంది. అందుకని సేట్ నన్నే ఇళ్లకు పంపేవాడు. మ్యాట్లు, స్టీరింగ్ కవర్లు, పెడల్ కవర్లు అన్నీ నా సంచిలో ఉండేవి.

దుకాణంలో పాటల డబ్బాలు, స్పీకర్లు బిగించే తమ్ముడు ఒకడుండేవాడు. నోరు తెరిస్తే ఎగతాళి. "అక్కా, నువ్వు సూది పట్టు, పాన మాకు ఇడిసిపెట్టు. రేపు ఇంజన్ కూడ నువ్వే దింపుతె మేమేం జెయ్యాలె, రోటెలు చేసుకోవాల్నా?" అనేవాడు. "చేసుకో తమ్మీ, మీ ఇంటామెకు జర ఆసర అయితది" అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్లం.

ఇక సంగతికి వస్తాను.

ఆమె పంచాయతీ కార్యదర్శి. ఊళ్లో అందరూ సెక్రటరమ్మ అంటారు, నేనూ అలాగే రాస్తాను. అత్తగారిది జఫర్‌గఢ్ అవతల ఒక ఊరు, ఉద్యోగం ఇంకో మండలంలో. పొద్దున ఏడింటికల్లా ఆమె ఆ ఊళ్లో నిలబడి చెత్త ట్రాక్టర్ ఫోటో, నర్సరీ మొక్కల ఫోటో పైకి పంపాలి. రెండు బస్సులు, ఒక ఆటో మారి పోతే ఏ రోజూ ఏడింటికి చేరేది కాదు. అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే ఇంటికి పంపేస్తామని పై అధికారి మొహం మీదే చెప్పాడట. అందుకని ఒక పాత చిన్న కారు కొనుక్కుని, నేర్చుకుని, తానే నడుపుకుంటూ పోవడం మొదలుపెట్టింది. భర్త వరికోత మిషన్ డ్రైవర్, కోతల కాలమంతా ఊళ్లమ్మట తిరిగే మనిషి. ఇంట్లో అత్త, మామ.

ఆ కారు పెడల్ రబ్బర్లు అరిగి నున్నగా అయ్యాయి. తడి చెప్పుతో తొక్కితే జారుతున్నాయని, పట్టు కోసం కవర్లు వేయించుకుంటానని ఆమే దుకాణానికి ఫోన్ చేసింది. ఎంత జాగ్రత్త గల పిల్లో చూడండి. జారొద్దనే పిలిపించుకుంది నన్ను.

నేను పోయేసరికి కారు రేకుల షెడ్డు కింద ఉంది. అద్దానికి దండ, చక్రాల దగ్గర ఎండిపోయిన నిమ్మకాయ ముక్కలు. తలుపు తీసి కిందికి వంగితే మూడు పెడల్‌లూ పచ్చగా మెరుస్తున్నాయి. వాళ్ల అత్త వాహన పూజలో పెడల్‌లకు కూడా పసుపు పెట్టింది. ఉత్త పసుపు కాదు, ఎండకు రాలిపోవద్దని నువ్వుల నూనెలో కలిపి మెత్తింది. మధ్యలో కుంకుమ బొట్టు. బిడ్డ లాంటి కోడలు ఒంటరిగా దూరం పోతుందని ఆ తల్లి భయం అంత ఒత్తుగా ఉంది దాని మీద.

నేను సంచిలోంచి గుడ్డ తీశాను. అత్త పరుగున వచ్చింది.

"అగో చెల్లె! గది తుడుస్తవా ఏంది?"

"తుడువాలె అక్కా. జిడ్డు మీద కవరు ఆగది."

"వద్దు తల్లీ. పూజ జేసి తొమ్మిదొద్దులు కూడ కాలే. పసుపు తుడిస్తే బండికి మంచిగుండది. పైకెళ్లి పెట్టు. కవరు కింద ఉంటె ఎవలకు కనవడ్తది?"

"అత్తమ్మా, ఆమె పని ఆమెను చేసుకోనియ్యరాదు" అంది కోడలు.

"నువ్వు ఊకోవే. రోజు పొద్దుగాల నువ్వు పోతవు, తిరిగొచ్చేదాక పాణం నా అరచేతిల ఉంటది."

మా అబ్బా నాకు నేర్పిన మొదటి పని తుడవడం. ఏది అతికించినా, ఏది బిగించినా, ముందు తుడువు, తుడిచిన చోట వేలు పెట్టి చూడు, ఆ తర్వాతే పాన పట్టు. ఆ రోజు గుడ్డ చేతిలో ఉంది, వేలు పెడితే పచ్చగా అంటుకుంది కూడా. అయినా నేను గుడ్డ సంచిలో పెట్టేశాను. నా మతం కాని పూజను చెరిపే చెయ్యి నాది కావొద్దనుకున్నాను. మర్యాద అని చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను: మర్యాద సగం, భయం సగం. "ఫలానా ఆమె వచ్చి మా పసుపు తుడిచింది" అనే మాట రేపు ఊళ్లో ఎటు తిరుగుతుందో అని భయం.

ఆ కవర్లకు పెడల్‌లో రంధ్రం చేసే పని లేదు. పైన రేకు, దాని మీద రబ్బరు బొడిపెలు, వెనక రెండు కొండీలు. కొండీలు పెడల్ అంచును పట్టుకునేటట్టు పెట్టి స్క్రూలు బిగించాలి, అంతే. కానీ కొండీ పట్టు సగమే. మిగతా సగం పట్టు రేకుకూ పెడల్‌కూ మధ్య ఒరుసుకోవడంలో ఉంటుంది. మధ్యలో నూనె ఉంటే ఆ సగం లేనట్టే. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా బిస్మిల్లా అని బిగించాను. చేత్తో ఊపితే కదలలేదు. నాలుగుసార్లు తొక్కితే కదలలేదు. అత్త బెల్లం చాయ్ ఇచ్చింది. తాగి, దువా చేసి వచ్చేశాను.

తర్వాత రంజాన్ రోజాలు, మా ఉపవాసాలు, మొదలయ్యాయి. ఆ ఏడు రోజాలు, యాసంగి కోతలు ఒక్కసారే వచ్చాయి. రోడ్ల మీద సగం మేర వడ్లు ఎండబోసి ఉన్నాయి.

ఒక పొద్దున దుకాణం ముందు ట్రాలీ ఆగింది. దాని మీద ఆ కారు. ఒక దీపం పగిలింది, బంపర్ చీలింది, ముందు జాలీ నిండా వడ్లే. ట్రాలీ దిగింది వాళ్ల మామ, వెనకే సెక్రటరమ్మ.

మామ ముప్పై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. సేట్‌తో గట్టిగానే చెప్పాడు. "బర్రె అడ్డమొస్తె ఆపబోయి వడ్ల కుప్పల గుద్దింది. బ్రేకు అనుకొని ఎక్సలేటర్ తొక్కింది, గింతే కథ. ఆడోళ్లకు కారెందుకురా అంటె మావోడు ఇనలే. నువ్వే ఎవనికన్న జూసి అమ్మిపెట్టు సేటూ."

"మామా, నేను బ్రేకు మీదనే తొక్కిన. కాలు కింద ఏందో జారింది" అంది ఆమె. ఆ మాట అప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో, గొంతు బొంగురుపోయి ఉంది.

నేను తలుపు తీసి వంగాను. బ్రేకు మీది రేకు కుడిదిక్కు జరిగి, ఒక కొండీ ఊడి, వంకరగా వేలాడుతోంది. దాని వెనక నూనె పసుపు నలిగి గీతలు పడింది. కుడిదిక్కు నాలుగు వేళ్ల దూరంలో ఎక్సలేటర్. ఆమె బ్రేకు మీదే తొక్కింది. రేకు జారి, కాలును తీసుకుపోయి ఎక్సలేటర్ మీద వేసింది. చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది.

సేట్‌కూ అర్థమైంది. ఆయన నా కంటే వేగం. స్పీకర్ల తమ్ముణ్ణి పిలిచి, "ఆ కవర్లు తీసి పడెయ్‌రా. మేడం కొత్తగ నేర్చుకుంటున్నరు గద, ఒట్టి పెడలే మంచిది" అన్నాడు. నన్ను రెగ్జిన్ గదిలోకి పిలిచాడు.

"అక్కా, నీకు దండం పెడ్త. ఫిట్టింగ్ తప్పని ఒక్క మాట బయటికొచ్చిందనుకో, రేపు దుకాణం మూసుకునుడే. ఎవలకు ఏం గాలే గద. కుప్పల వడ్డది, దేవుడు సల్లగ జూసిండు."

నేను బయటికి వచ్చాను. సెక్రటరమ్మ నా కొంగు పట్టుకున్నంత పని చేసింది. "అక్కా, నువ్వు జూసినవు గద. నువ్వన్న చెప్పు. నేను తొక్కింది బ్రేకే."

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.

రోజా ఉన్న నోటితో అన్నాను. ఆమె, మామ చెయ్యి చాపితే తాళం ఆయన చేతిలో పెట్టింది.

పెద్ద తప్పు ఏదని ఎవరైనా అడిగితే, పసుపు మీద బిగించడం కాదంటాను. అది చేతి తప్పు, చేతి తప్పులు నేను చాలా చేశాను. సీట్లు తిరగేసి కుట్టాను, ఒకసారి డాక్టరమ్మ కారు హారన్ తీగ తెంపి ఆమెను మానుకోట దాకా మూగదాన్ని చేశాను. అవన్నీ చెప్పుకుని నవ్వుకోవచ్చు. "తెల్వదు" అన్నది చెప్పుకుని నవ్వలేను.

మూడు రోజులు గడిచాయి. నమాజులో కూర్చుంటే ఏం అడగాలో తెలియక, ఉన్నవాటికి షుకర్ చెప్పి లేచేదాన్ని. అడిగే మొహం లేదు.

శనివారం నాడు స్పీకర్ల తమ్ముడు నా మిషన్ దగ్గరికి వచ్చి పేపర్లో చుట్టింది ఒకటి పెట్టాడు. విప్పితే ఆ రేకు. పసుపు అలాగే ఉంది.

"సేటు చెత్తడబ్బల పడెయ్యమన్నడు. పడేసిన. మల్ల తీసిన" అన్నాడు.

"ఎందుకు తీసినవ్ తమ్మీ?"

"నువ్వు అడుగుతవని. మూడొద్దులాయె, అడుగుతనే లేవు." ఆ రోజు వాడి గొంతులో ఎగతాళి లేదు. "రేపు ఐతారం కొనేటోడు పోతుండు ఆ ఊరికి. మన సేటే మాట్లాడి పెట్టిండు. పగటాలకు కారు ఉండదు. ఆ పిల్ల మల్ల బస్సులకు పోవుడు శురూ జేసిందట. అవుతదా అక్కా ఏడింటికి?"

అవదు. అది మా ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం సేట్ ముందు నిలబడ్డాను. "రేపు జఫర్‌గఢ్ దిక్కు పోతున్న సేట్. ఉన్నది ఉన్నట్టు చెప్పొస్త."

ఆయన చాలాసేపు కౌంటర్ అద్దం తుడిచాడు. "పోతే సోమారం దుకాణానికి రాకు అక్కా."

"రాను. నువ్వు నాకు పాన ఇచ్చినవు, నమాజుకు జాగ ఇచ్చినవు. నీ పేరు మీద దువా చెయ్యని రోజు లేదు, ఇంక ముందు కూడ చేస్త. గానీ ఆమెను అబద్ధాలకోరును జేసి నీ దుకాణం నడువద్దు సేట్. నీకే మంచిది గాదు."

"అక్కా, పిల్లలున్నోణ్ణి" అన్నాడు. కోపం లేదు, బతిమాలాట. అదే కష్టం. అరిచి ఉంటే తేలికగా వచ్చేసేదాన్ని.

ఇది చదివే పిల్లలూ, మేలు చేసినవాళ్లకు ఎదురు చెప్పకూడదని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పేది వేరు. మేలుకు మేలు చేయండి, దండం పెట్టండి, వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు పోయి గిన్నెలు కడగండి. నోరు మాత్రం అప్పగించకండి. అది వాళ్లు ఇచ్చింది కాదు.

ఆ తర్వాత నేను ఏ దుకాణంలోనూ కుదరలేదు. సంచి వేసుకుని మానుకోట, జనగామ, భూపాలపల్లి తిరిగి ఇంటింటికీ నా పని నేనే చేసుకున్నాను. అంతకుముందు పూజ పసుపు మీద బిగించిన కార్లు ఇంకో నాలుగున్నాయి. వాటన్నిటి ఇళ్లకూ పోయి, ఎవరూ పిలవకుండానే, కవర్లు ఊడదీసి తుడిచి మళ్లీ బిగించి వచ్చాను. రేగొండలో ఒక ఇంటాయన, "మా పూజ తుడిచే హక్కు నీకెక్కడిది?" అన్నాడు. "హక్కు లేదన్నా. తుడువకుంట బిగించే హక్కు కూడ నాకు లేదు. ఇంకొకల్ని పిలుసుకో" అని సంచి ఎత్తుకుని బస్సెక్కాను. కడుపు మాడింది ఆ రోజు. ఎక్కినందుకు ఇప్పటికీ సంతోషమే. మోకాళ్లు మొరాయించినాక పని మానేసి భూపాలపల్లిలో మా చెల్లె దగ్గర ఉంటున్నాను.

సరే, ఆ ఐతారం.

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగి ఆటోలో పోయాను. ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. ఇంటి గేటు తీస్తే మామ, బాగుచేయించి ఇంటికి తెచ్చుకున్న కారును కడిగిస్తున్నాడు, అమ్మడానికి. అత్త నన్ను చూసి ఒక కుర్చీ షెడ్డు నీడకు జరిపింది. "రోజాలల్ల ఉన్నవు గదా చెల్లె, నీడకు కూసో."

"ఏందమ్మా, సేటు పంపిండా?" అన్నాడు మామ.

"లేదన్నా. నేనే వచ్చిన. సేటు కాడ ఇంక పని జేస్తలేను."

"మరేం పని?"

సెక్రటరమ్మ గడపలో నిలబడింది. లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. నేను ఆమెనే చూస్తూ చెప్పాను. "మొన్న ఈమె నన్ను అడిగితే తెల్వదన్న. తెలుసు. ఈమె తొక్కింది బ్రేకే. నేను బిగించిన కవరు జారి ఈమె కాలు ఎక్సలేటర్ మీద వడ్డది. తప్పు నాది."

మామ నవ్వాడు. "ఆడోళ్లకు ఆడోళ్లే సాక్ష్యం. బాగున్నది."

"సాక్ష్యం నేను చెప్ప అన్నా. నీ కాలు చెప్తది. వచ్చి కూసో."

గోడ అవతల ఇద్దరు ముగ్గురు తలలు పైకి లేచాయి. ఐతారం కదా, ఎవరికీ వేరే పనిలేదు. వాళ్లు చూస్తుంటే మామ కూర్చోక తప్పలేదు.

నాలుగు చక్రాలకూ ముందొకటి వెనకొకటి ఇటుకలు పెట్టాను. చేతి బ్రేకు గుంజాను, గేరు తీసేశాను. అత్తను అడిగాను: "అక్కా, ఆనాడు జేసినట్టే పసుపుల నూనె కలిపి తే." ఆమె తెచ్చింది, ఎందుకో తెలియకుండానే భయపడుతూ తెచ్చింది. బ్రేకు మీద ఆమె చేతనే మెత్తించాను. సంచిలోంచి రేకు తీసి, కొండీలు సరిచేసి, ఆ రోజు ఎంత బిగించానో అంతే బిగించాను. బిస్మిల్లా మాత్రం అనలేదు. తప్పు చూపించడానికి చేస్తున్న పనికి ఆ పేరు ఎందుకని. ఇంజన్ చాలు చేయించాను.

"తొక్కన్నా."

తొక్కాడు. ఏం కాలేదు. మళ్లీ తొక్కాడు. ఏం కాలేదు. గోడ అవతల ఎవరో "అక్క ఉత్తగ ఆటో కిరాయి పెట్టుకున్నది" అన్నారు.

"జూసినవా? బంగారం తీర్గ ఉన్నది" అన్నాడు మామ.

నా నోరు ఎండిపోయింది, రోజా వల్ల కాదు. "అట్ల కాదన్నా. అది చాయ్ తాగుకుంట తొక్కినట్టున్నది. ఎదురుంగ బర్రె వచ్చింది. కాలు ఏడ వడ్డదో చూసుకునే టైం లేదు. తొక్కుడు కాదు, గుద్దు."

ఆయనకు కోపం వచ్చింది. కాలు ఎత్తి నిజంగానే గుద్దాడు.

రేకు కుడిదిక్కు జారింది. కొండీ టప్పున ఊడింది. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన కాలు రేకుతో పాటే జారి ఎక్సలేటర్ మీద పడింది. ఇంజన్ ఒక్క అరుపు అరిచింది. షెడ్డు రేకులు దద్దరిల్లాయి, కోళ్లు గోడెక్కాయి. ఆయన బెదిరి ఇంకా గట్టిగా తొక్కాడు, బ్రేకే అనుకుని. నేను చెయ్యి పెట్టి తాళం తిప్పేదాకా అది అరుస్తూనే ఉంది.

"ఏం బాపూ, బ్రేకు తొక్కుమంటె గాలిల లేపవడ్తివి!" అని గోడ మీది నుంచి ఒకడు. వాడి పక్కవాడు నవ్వాపుకోలేక కిందికి కూర్చున్నాడు.

మామ నవ్వలేదు. తన కాలు వైపే చూస్తున్నాడు. అది ఇంకా ఎక్సలేటర్ మీదే ఉంది.

అత్త గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "అంటే... నా పసుపేనా చెల్లె, నా కోడలిని కుప్పల ఏసింది?"

ఆమె చేతిలోని గిన్నె అందుకుని కింద పెట్టాను. "నీ పసుపుది ఏం తప్పు లేదక్కా. నువ్వు వద్దన్నవు, నేను సరే అన్న. నువ్వు వద్దన్నది తెల్వక. నేను సరే అన్నది తెలిసి. రెండు ఒక్కటి కాదు."

ఆమె లోపలికి పోయి సబ్బు నీళ్లు తెచ్చింది. నేను గుడ్డ తీయబోతే నా చెయ్యి పక్కకు నెట్టి, తానే కారులో తల దూర్చి, మూడు పెడల్‌లూ రుద్ది రుద్ది కడిగింది. పొడి గుడ్డతో తుడిచింది. నన్ను చూసి, "ఏలు పెట్టి జూడు" అంది. చూశాను. గరుకుగా, ఎండిపోయి, శుభ్రంగా ఉన్నాయి. మిగిలిన పసుపు ముందు అద్దం కింద ఒక మూలన చిన్న బొట్టుగా పెట్టింది. "ఈడ ఉంటె తల్లి తొవ్వ జూస్తది. కాళ్ల కింద ఎందుకు పెట్టిన్నో నాకే సమజ్ కాలే" అంది.

"అమ్ముడు వద్దని ఆయనకు ఫోన్ చెయ్యి" అంది మొగుడితో.

"చెయ్య" అన్నాడు మామ. కారు దిగాడు. "బ్రేకు సంగతి సరే. మాట ఇచ్చిన. ఆయన బయల్దేరిండు." అలా అని పోయి గేటు మధ్యలో నిలబడ్డాడు, కొనేవాడి కోసం చూస్తున్నట్టు. నలుగురిలో కాలు జారిన మనిషికి మాట కూడా జారితే ఎట్లా అని అనుకున్నాడేమో. నాకు ఆయన మీద కోపం రాలేదు.

సెక్రటరమ్మ అప్పుడు గడప దిగింది. చెప్పులు వేసుకుంది. ఒక్కొక్క చక్రం దగ్గరా వంగి ఇటుకలు తానే తీసి పక్కన పేర్చింది. తాళం కారుకే ఉంది. డ్రైవర్ సీట్లో కూర్చుని, "అక్కా, ఎక్కు. ఘన్‌పూర్‌ల దింపుత" అంది.

ఎక్కాను. నన్ను క్షమించిందో లేదో ఆ మొహంలో కనిపించలేదు. నేను అడగలేదు.

"మామా, జర జరుగు."

"జరుగ. ఎట్ల పోతవో నేను గూడ చూస్త."

ఆమె ఇంజన్ చాలు చేసింది. కారు మెల్లగా కదిలింది. మామ కదలలేదు. షెడ్డు దాటాం, కుడితి తొట్టి దాటాం. అత్త "ఓ పిల్లా!" అని అరిచింది. ఆమె కాలు కదలడం నేను చూశాను. గట్టిగా, ఒకేసారి. కారు మామకు నాలుగు అడుగుల ఇవతల, ఉన్నచోటే ముక్కు కిందికి వంచి ఆగిపోయింది.

ఆయన బంపర్ వంక చూశాడు. నేల మీద తనకూ దానికీ మధ్య ఉన్న జాగా వంక చూశాడు. ఆ తర్వాత అద్దంలోంచి కోడలి వంక. ఆమె కాలు బ్రేకు మీద నుంచి తీయలేదు, కళ్లు కూడా దించలేదు.

జేబులోంచి ఫోన్ తీశాడు. గట్టిగానే మాట్లాడాడు, గోడ అవతలి వాళ్లకు కూడా వినబడాలని కాబోలు. "ఏడిదాక వచ్చినవే?... మర్లిపో... లే లే, అమ్ముతలేం... కారుకేమైంది, మంచిగనే ఉన్నది. నడిపేటోళ్లు గూడ ఉన్నరు ఇంట్ల."

ఫోన్ జేబులో పెట్టుకుని గేటు రెండో తలుపు కూడా ఆయనే తెరిచి పట్టుకున్నాడు. సెక్రటరమ్మ మళ్లీ మొదటి గేరు వేసింది.